ఎంగిలి చట్టం

పెదవి దాకా వచ్చిన గిన్నెను లాక్కుంటే ఎలా ఉంటుందో బెర్గ్‌డార్ఫ్ ఊరు ఆ డిసెంబరులో కళ్ళారా చూసింది. లాక్కున్నది పరాయివాడు కాదు, జిల్లా ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ మిల్టన్ ఓస్ట్‌లండ్. గొంతు పెంచి మాట్లాడటం కూడా చేతకాని మర్యాదస్తుడు. గిన్నె పోగొట్టుకున్నది టెస్ డ్రైలింగ్. మా ఊరి ఫిరంగి దళం పుట్టాక ఫిరంగి దగ్గర నిలబడిన మొదటి ఆడపిల్ల. హాల్లో వెనగ్గా కాఫీ కుండ పక్కన నిలబడి అదంతా చూసిన రోజలీ, ఆ పిల్ల తల్లి.

మా దళం అమెరికా నేషనల్ గార్డ్ దళం. వారమంతా గోధుమ చేలల్లో, మెకానిక్ షెడ్లలో, బడుల్లో పని చేసుకుని శని, ఆదివారాల్లో యూనిఫాం తొడుక్కునే వాళ్ళు. పిలుపు వస్తే మాత్రం ఏడాది పాటు ఊరు వదిలి వెళ్ళాల్సిందే. డిసెంబరు మొదటి శనివారం, ఫిరంగివాళ్ళను కాపాడే సెయింట్ బార్బరా పేరు మీద వాళ్ళకు పండుగ. ఆ సాయంత్రం పెద్ద తొట్టిలో పంచ్ అనే కలగలుపు సారా కలుపుతారు. అందులో ఏది పోసినా దాని వెనక ఒక యుద్ధం కథ చెప్పి పోయాలి. ఫ్రాన్సు పేరు చెప్పి ఎర్ర ద్రాక్షసారా, సముద్రం పేరు చెప్పి రమ్ము, ఎడారి పేరు చెప్పి మాడ్చిన చక్కెర. చివర్లో ఒక మేజోడు ముంచి తీస్తారు. అది ఉతికిందేనని ఒకడు కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తాడు. వాణ్ణి ఎవరూ నమ్మరు.

అసలు సంగతి గిన్నెది. మొదటి ప్రపంచ యుద్ధంలో పేల్చిన ఫిరంగి గుండు తొడుగును కోసి, లోపల తగరం పూత పూయించి, పిడి అతికించి చేసిన ఇత్తడి గిన్నె అది. దళమంతటికీ అదొక్కటే. కొత్తగా చేరినవాళ్ళు ముందు తాగాలి. అక్కణ్ణుంచి వయసు వరసన ఒకరి ఎంగిలి ఒకరు తాగుతూ పోవాలి. అందరికంటే పెద్దవాడు చివరి గుక్క తాగి, గిన్నెను నెత్తిమీద బోర్లించుకోవాలి. ఒక్క బొట్టు కూడా రాలకూడదు. రాలకపోతే బయట ఫిరంగి పేలుతుంది. ఆ గిన్నె పెదవికి తగలనివాణ్ణి ఎంత గొప్ప గురికాడైనా మా ఊళ్ళో ఫిరంగివాడు అనరు.

అంతకు ముందు ఏడాది పండుగ అయిన మర్నాడు సగం దళం కడుపు పట్టుకుని కూర్చుంది. ఎవరో ఫిర్యాదు చేశారు. దళం భవనం కప్పు కారుతోందని ఈసారి పండుగను ఊరి హాలుకు మార్చారు కాబట్టి, అది ఆరోగ్యశాఖ కంట్లో పడింది. అందుకే మిల్టన్ వచ్చాడు. వచ్చినవాడు ఒక గంట ముందైనా చెప్పి ఉండాల్సింది. తలుపు దగ్గర నిలబడి తటపటాయించి, తటపటాయించి, సరిగ్గా టెస్ రెండు చేతులతో గిన్నె ఎత్తిన క్షణంలో ధైర్యం తెచ్చుకున్నాడు.

"క్షమించమ్మా. ఒకే గిన్నెలో నలుగురు తాగకూడదని చట్టం ఉంది," అంటూ గిన్నె అంచు మీద చెయ్యి పెట్టాడు.

హాలంతా బిగుసుకుపోయింది. తర్వాత కాగితం కప్పులు తెచ్చి పంచారు. ఫిరంగివాళ్ళు వాటిని చేతిలో పట్టుకుని, చిన్నపిల్లల పుట్టినరోజుకు వచ్చినవాళ్ళలా బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. ఫిరంగి పేలలేదు.

ఇంటికి వెళ్తుంటే టెస్ ట్రక్కు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"అమ్మా, దాని రుచి ఎలా ఉంటుంది?"

రోజలీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "చేదు," అంది.

అది అబద్ధం. రోజలీ ఆ గిన్నెలో ఏనాడూ తాగలేదు. వయసులో ఉన్నప్పుడు ఆమె కూడా ఆ దళంలోనే పని చేసింది, సామాన్ల గదిలో. బూట్లు, దుప్పట్లు, గుడారాలు, చలికోట్లు అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్ళేవి. దళంతో పాటు గల్ఫ్ ఎడారికి వెళ్ళింది, ఇసుక తిని వచ్చింది. తిరిగొచ్చిన డిసెంబరులో గిన్నె వరసలో తన దాకా వచ్చినప్పుడు చెయ్యి చాచింది. అప్పటి సార్జెంటు ఆలోయిస్ ఫైఫర్ గిన్నెను ఆమె ముందు నుంచి తప్పించి పక్కవాడికి ఇచ్చాడు. "ఇది ఫిరంగివాళ్ళది రోజలీ. బూట్లు పంచేవాళ్ళకి అక్కడ కాఫీ ఉంది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వెళ్ళి కాఫీ పోసింది. అప్పటినుంచి ప్రతి పండుగకూ కాఫీ ఆమే పోస్తోంది. ఆ నవ్వు మాత్రం ఇన్నేళ్ళయినా గొంతులో వెలక్కాయలా అలాగే ఉండిపోయింది.

తన సంగతి వేరు, కూతురి సంగతి వేరు. వారం తిరక్కుండానే ఊళ్ళో మాట పుట్టింది. ఎరువుల దుకాణంలో బస్తా కోసం నిలబడి ఉండగా అల్మారా అవతలి నుంచి రోజలీ చెవిన పడింది.

"యుద్ధాలొచ్చినప్పుడు ఆగలేదు, కరువొచ్చినప్పుడు ఆగలేదు. ఆడపిల్ల చెయ్యి పడ్డ ఏడే ఆగింది చూశావా గిన్నె."

"ఊరుకో, అది మిల్టన్ పని కదా."

"ఎవరి పనైతేనేం. ఆగిందా లేదా?"

రోజలీకి ఒళ్ళు మండిపోయింది. బస్తా అక్కడే వదిలేసి తిన్నగా జిల్లా ఆఫీసుకు వెళ్ళింది. వచ్చే శీతాకాలం దళం సముద్రాలు దాటి వెళ్తుందని అప్పటికే కబురు వచ్చింది. ఈలోగా మిగిలింది ఒక్క డిసెంబరు. ఆ డిసెంబరులో కూడా గిన్నె తిరక్కపోతే, టెస్ నెత్తిన ఆ మాటే మోసుకుని వెళ్తుంది. పక్కన ఫిరంగి దగ్గర నిలబడినవాడు పైకి అనడు, కానీ అనుకుంటాడు. తల్లిగా అది ఆమె భరించలేకపోయింది.

మిల్టన్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు.

"నన్ను తిట్టడానికే వచ్చావు. కూర్చుని తిట్టు రోజలీ," అన్నాడు.

"తిడితే గిన్నె ఇస్తావా?"

"నా చేతిలో లేదు. ఆ చట్టం మా తాతల నాటిది. స్టేషన్లలో గొలుసుకి వేలాడే తగరం గ్లాసుతో ఊరంతా నీళ్ళు తాగి, ఊరంతా క్షయ తెచ్చుకునేది. మా నాయనమ్మ అలాగే పోయింది. నేను సరదాకి ఆపలేదు."

"తెలుసు. కానీ చట్టంలో ఎక్కడో ఒక సందుండాలి కదా."

"ఉంది. చర్చిలో ప్రభు భోజనం గిన్నెకి మాత్రమే. నీకు దారి కావాలంటే ఒక్కటే. చట్టం మార్పించుకో. రాష్ట్ర సెనేటర్ గ్లాడిస్ హమ్మెల్ ఈ జిల్లా మనిషే. విచారణ పెడితే అక్కడికి వచ్చి నేను వద్దనే చెప్తాను, అది నా ఉద్యోగం. కానీ నువ్వు గెలిస్తే మాత్రం ఏడవను."

రోజలీ ఆ మాటను అక్కడ వదిలెయ్యలేదు. గ్లాడిస్ హమ్మెల్ ఆఫీసు చుట్టూ తిరిగింది. ఆమె ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎదురైంది, కూరగాయల దుకాణంలో, ఆఖరికి పళ్ళ డాక్టరు గుమ్మంలో. తప్పించుకునే ఓపిక అయిపోయాక సెనేటర్ బిల్లు రాసింది. సైన్యం తన తరఫున జరిపే కార్యక్రమానికి రాష్ట్ర ఆరోగ్య చట్టం ఏదైనా అడ్డొస్తే, ఆ చట్టం దానికి వర్తించదు. అంతే, ఒక్క వాక్యం. రాజధానిలో కమిటీ ముందు విచారణ పెట్టారు.

సాక్ష్యానికి ఆలోయిస్ ఫైఫర్ కూడా వచ్చాడు. ఇప్పుడతను ఎనభై దాటిన ముసలాయన, యూనిఫాం విప్పిన ఫిరంగివాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. రోజలీ ట్రక్కులో, ఒళ్ళో గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా ఆమె నడపడం గురించి సణుగుతూనే ఉన్నాడు.

"ఆ లారీ వెనకాలే ఎంతసేపు పోతావమ్మా. దాటెయ్యి."

"మీకు తొందరైతే దిగి నడవండి సార్జెంటు గారూ."

"ఎడారిలో కూడా ఇలాగే నడిపావా?"

"ఎడారిలో నేను నడపలేదు. మీ బూట్లకి మేకులు కొట్టించాను."

ఆలోయిస్ గిన్నె పిడిని బొటనవేలితో రుద్దాడు. "మంచి బూట్లే," అన్నాడు చివరికి. ఆ నోటి నుంచి అంత మాట రావడమే గొప్ప.

కమిటీ గది చిన్నది, వేడిగా ఉంది. ముందు మిల్టన్ మాట్లాడాడు. మెల్లగా మాట్లాడాడు, నిజమే మాట్లాడాడు. గిన్నె ఆగడానికి ముందటి పండుగ మర్నాడు ఎంతమంది మంచం ఎక్కారో చెప్పాడు. ఒకరి నోటి జబ్బు ఇంకొకరికి ఎలా వెళ్తుందో చెప్పాడు. సైన్యం పేరు చెప్పుకుని ఒక సందు తెరిస్తే, రేపు ఇంకొకరు ఇంకో పేరు చెప్తారన్నాడు. కమిటీలో ఉన్న డాక్టరమ్మ తల ఊపుతూ రాసుకుంది.

ఆమె వంతు వచ్చింది. గిన్నెను బల్లమీద పెట్టింది. ఇంట్లో రాత్రంతా కూర్చుని రాసుకున్న ఉపన్యాసం చేతిలో ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

"మిల్టన్ చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. కడుపులు పాడైన మాట కూడా నిజమే. గిన్నె వల్లో, మేజోడు వల్లో నాకు తెలీదు," అంది.

గదిలో ఎవరో నవ్వు ఆపుకున్నారు.

"కానీ ఒక్క మాట అడగనివ్వండి. మిల్టన్, మొన్న ఆదివారం చర్చిలో నువ్వు ఏ గిన్నెలో తాగావు?"

మిల్టన్ చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం ఆడటం అతనికి రాదు. "అందరూ తాగినదాంట్లోనే. నేనే పట్టుకుని అందరికీ అందించాను," అన్నాడు.

"ఎలా అందిస్తావు?"

"ఒకళ్ళు తాగాక అంచు తెల్లగుడ్డతో తుడిచి, కొంచెం తిప్పి, పక్కవాళ్ళకి ఇస్తాను."

"ఒంట్లో బాగోనివాళ్ళు?"

"వాళ్ళు తాగరు. చెయ్యి అడ్డం పెట్టి ఊరుకుంటారు. ఎవరూ ఏమీ అనుకోరు."

రోజలీ కమిటీ వైపు తిరిగింది. "చూశారా. అక్కడ ఎంగిలి ఎందుకు తాగుతారో మీకు తెలుసు కాబట్టే వదిలేశారు. మా వాళ్ళు ఎందుకు తాగుతారో కూడా చెప్తాను. వీళ్ళు వచ్చే శీతాకాలం వెళ్తున్నారు. అక్కడ ఒకడి ప్రాణం ఇంకొకడి చేతిలో ఉంటుంది. ఎంగిలికి అసహ్యపడేవాడితో ఆ బేరం కుదరదు. దప్పిక తీర్చుకోవడానికైతే ఎవరి కప్పు వాళ్ళకి చాలు. ఇది అందుక్కాదు. తుడవమంటే తుడుస్తాం. బాగోనివాళ్ళని తాగొద్దంటే తాగరు. కాగితం కప్పులు మాత్రం వద్దు. నా కూతురు యుద్ధానికి వెళ్తోంది, పుట్టినరోజు పార్టీకి కాదు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మిస్టర్ ఓస్ట్‌లండ్, అలా తుడిచి తిప్పితే మీకు నిద్ర పడుతుందా?" అని అడిగింది.

మిల్టన్ ఆలోచించాడు. "గుడ్డని స్పిరిట్‌లో ముంచి, బలవంతం ఏమీ లేకుండా ఉంటే, పడుతుంది. మేజోడు మాత్రం తియ్యాలి."

"మేజోడు తియ్యం," అన్నాడు ఆలోయిస్ వెనక కుర్చీలోంచి.

"కొత్తది ముంచండి సార్జెంటు గారూ," అంది డాక్టరమ్మ. ఆయన చాలాసేపు ఆలోచించి, పెద్ద భూమి వదులుకుంటున్నవాడిలా సరేనన్నాడు.

ఎవరినీ బలవంతపెట్టకూడదనే వాక్యం ఒకటి చేర్చి, కమిటీ బిల్లును ముందుకు పంపింది. వసంతం వెళ్ళేలోపు రెండు సభలూ ఒప్పుకున్నాయి, గవర్నరు సంతకం పెట్టాడు. ఆ కబురు వచ్చిన రోజు రోజలీ క్యాబేజీ, మాంసం కూరిన రొట్టెలు ఇంటి నిండా కాల్చి, ఎరువుల దుకాణానికి ఒక బుట్ట పంపింది. ఆ అల్మారా అవతల మాట్లాడినవాడు రెండు తిన్నాడని విని ఆమెకు కడుపు నిండింది.

అంతా అయిపోయిందనుకున్నారు. అక్టోబరు చివర్లో మిల్టన్ ఆమె వంటింటి తలుపు తట్టాడు. చేతిలో పండుగ ఆహ్వానం ఉంది.

"ఇది చూశావా రోజలీ?"

"నేనే అచ్చు వేయించాను. ఏం, అక్షరం తప్పు పోయిందా?"

"ఫిరంగివాళ్ళ సంఘం మిమ్మల్ని ఆహ్వానిస్తోంది అని ఉంది. సంఘం సైన్యం కాదు. ముసలివాళ్ళ క్లబ్బు. చట్టం సైన్యం జరిపేదాన్నే వదిలింది. ఇది ఇలాగే ఉంటే నేను మళ్ళీ రావాలి. మళ్ళీ ఆ పిల్ల చేతిలోంచి..." మిల్టన్ మాట మింగేశాడు. "నాకు మళ్ళీ ఆ పని చెయ్యాలని లేదు. అందుకే ఈసారి ముందే వచ్చాను."

రోజలీ కుర్చీలో కూలబడింది. తరతరాలుగా పండుగ జరిపేది సంఘమే. దళం వచ్చి తాగి వెళ్ళేది. ఎవరికీ ఆ తేడా తట్టలేదు. మా ఊళ్ళో దళం, సంఘం అని విడదీసి ఎవరూ మాట్లాడరు. యూనిఫాం విప్పినవాడు సంఘం, తొడుక్కున్నవాడు దళం, ఇద్దరూ ఒక ఇంట్లోవాళ్ళే. ఇంత కష్టపడి చట్టం తెచ్చుకుని, తమ పేరు తామే తప్పు రాసుకున్నారు.

మిల్టన్‌కు కాఫీ పోసి, ఆమె దళం కెప్టెన్‌కు ఫోన్ చేసింది. కెప్టెన్ వెస్లీ ట్రాన్ కుర్రవాడు, చురుకైనవాడు. సాయంత్రానికి ఆమె వంటింట్లోనే ఉన్నాడు.

"ఇది చిన్న సంగతే మేడమ్. పండుగని నేను దళం కార్యక్రమంగా ప్రకటిస్తాను. నా ఆజ్ఞ మీద జరిగితే అది సైన్యం జరిపినట్టే," అన్నాడు. అక్కడే కూర్చుని రాసి చదివి వినిపించాడు. "ప్రస్తుతం దళంలో ఉన్న ఫిరంగివాళ్ళు ఆ గిన్నెలో తాగవచ్చు."

"మరి ముసలివాళ్ళు?" అంది రోజలీ.

"వాళ్ళు ఇప్పుడు సైన్యంలో లేరు కదా."

"లేకపోతే? ఆలోయిస్ ఫైఫర్ కాగితం కప్పులో తాగాలా? ఆయన ఈ గిన్నె ఎన్నిసార్లు బోర్లించాడో మీకు తెలుసా? నోటి దురుసు ఉందనుకోండి, మనసులో ఏమున్నా మొహం మీదే అనేస్తాడు. అయినా ఆయన లేకుండా గిన్నె తిరగదు. ప్రస్తుతం అనే మాట తీసెయ్యండి. ఫిరంగివాళ్ళు అనే మాట కూడా తీసెయ్యండి. రేడియో మోసిన హాస్కెల్ ముసలాయన ఉన్నాడు, వంట చేసిన బెర్నీ ఉన్నాడు, వాళ్ళు ఎప్పటినుంచో తాగుతున్నారు. రేపు ఎవడో ఒకడు లేచి వాళ్ళు ఫిరంగి ముట్టలేదంటాడు. ఈ దళంలో పనిచేసిన ప్రతి ఒక్కరూ అని రాయండి. ఇక సందు ఉండదు."

కెప్టెన్ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఏదో అనబోయి మానుకుని, నవ్వి, ఆమె చెప్పినట్టే రాశాడు. అప్పటిదాకా అక్కడే ఉన్న మిల్టన్ కాఫీ కప్పు మీంచి ఆమెను చూశాడు. ఆమె రొట్టె మాడుతోందేమోనని పొయ్యి వైపు పరుగెత్తింది.

పండుగ వచ్చింది. బయట మంచు, లోపల జనం. ఊరి హాలు నిండిపోయి, కోట్లు పెట్టడానికి చోటు లేక కిటికీ గూళ్ళలో కుక్కారు. కథలు చెప్పి పంచ్ కలిపారు. కొత్త మేజోడును కాగితం చీటీతో సహా అందరికీ చూపించి ముంచారు. ప్రమాణం చేసేవాడు చేతిలో దుకాణం రసీదు కూడా ఎత్తి చూపించాడు, అయినా ఎవరూ నమ్మలేదు. మిల్టన్ ఆదివారం కోటు వేసుకుని, చేతిలో స్పిరిట్ గుడ్డల బుట్టతో గిన్నె పక్కన నిలబడ్డాడు. పిలవకుండానే వచ్చి నిలబడ్డాడు.

కెప్టెన్ ట్రాన్ ఆజ్ఞ చదివాడు. ఈ సాయంత్రం దళం తరఫున, దళం ఆజ్ఞ మీద జరుగుతోందని, ఇష్టం లేనివాళ్ళను ఎవరూ బలవంతపెట్టకూడదని, ఈ దళంలో పనిచేసిన ప్రతి ఒక్కరూ ఈ గిన్నెలో తాగవచ్చని. తర్వాత పిలిచాడు.

"సార్జెంట్ టెస్ డ్రైలింగ్."

వేరే దళంలో కొన్నేళ్ళు చేసి వచ్చింది కాబట్టి ఏడాదిలోనే టెస్ సార్జెంటు అయింది, ఒక ఫిరంగి ఆమె చేతి కిందికి వచ్చింది. అయినా పోయిన ఏడు తాగాల్సినవాళ్ళు ఇంకా తాగలేదు కాబట్టి ముందు వరస వాళ్ళదే, అందులో మొదటి చోటు ఆమెదే. రెండు చేతులతో గిన్నె ఎత్తింది. హాల్లో ఒక్కరూ కదల్లేదు. ఈసారి ఏ చెయ్యీ అడ్డం రాలేదు. టెస్ తాగింది. తాగి, గిన్నె దించి, పెదవులు తుడుచుకోకుండా నవ్వింది.

అప్పుడు హాలు ఒక్కసారి బద్దలైంది. నేల మీద బూట్లు, బల్లల మీద పిడికిళ్ళు. ఎరువుల దుకాణంలో ఆ మాట అన్నవాడు అందరికంటే గట్టిగా కొట్టాడు. కాఫీ కుండ దగ్గర రోజలీ రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. ఏడుస్తున్నానని ఆమెకు సిగ్గు వెయ్యలేదు. ఏడాది పాటు మోసిన బరువు దిగిపోయింది.

టెస్ తన ఫిరంగి దగ్గర నిలబడటానికి బయటికి వెళ్ళింది. గిన్నె తిరిగింది. తుడుపు, తిప్పు, తదుపరి చెయ్యి. రొంప పట్టిన ఒకడు చెయ్యి అడ్డం పెట్టి ఊరుకున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు. కుర్రవాళ్ళు అయ్యారు, నడివయసువాళ్ళు అయ్యారు, రేడియో హాస్కెల్, వంట బెర్నీ అయ్యారు. చివరికి గిన్నె ఆలోయిస్ ఫైఫర్ చేతికి వచ్చింది. అందరికంటే పెద్దవాడు, చివరి గుక్క ఆయనది. కిటికీ బయట ఫిరంగివాళ్ళు గిన్నె ఎప్పుడు బోర్లుతుందా అని లోపలికి చూస్తున్నారు.

ఆలోయిస్ ఒక గుక్క తాగాడు. ఆగాడు. గిన్నెలోకి తొంగిచూసి, కెప్టెన్ వైపు తిరిగాడు.

"కెప్టెన్ గారూ, మీ ఆజ్ఞలో ఆ ముక్క ఇంకోసారి చదవండి. నాకు చెవుడు."

ఆయనకు చెవుడు లేదు. కెప్టెన్ చదివాడు. "ఈ దళంలో పనిచేసిన ప్రతి ఒక్కరూ."

"సామాన్ల గది దళంలోదేనా?"

"బూట్లు లేకుండా ఫిరంగి దగ్గరికి ఎవరు వెళ్తారు సార్జెంటు గారూ. దళంలోదే."

"అయితే వరస ఇంకా అవలేదు. ఒకరు మిగిలారు," అన్నాడు ఆలోయిస్.

హాలంతా ఒకేసారి వెనక్కి తిరిగింది. రోజలీ చేతిలో కాఫీ కూజా ఉంది. తన వెనక ఎవరున్నారా అని ఆమె కూడా తిరిగి చూసింది. గోడ ఉంది. అప్పుడు అర్థమైంది. వంటింట్లో కూర్చుని ఆ మాట కోసం పోట్లాడినప్పుడు, రేడియో మోసినవాడు గుర్తొచ్చాడు, వంట చేసినవాడు గుర్తొచ్చాడు. తను గుర్తు రాలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తనను తాను ఆ లెక్కలో వేసుకోలేదు.

ఆలోయిస్ కర్ర ఆనించుకుంటూ హాలు మొత్తం నడిచి ఆమె దగ్గరికే వచ్చాడు. మిల్టన్ వెనకే వచ్చి అంచు తుడిచి, తిప్పాడు.

"ఆ రోజు నేను తప్పు చేశాను రోజలీ. అందరి ముందూ చేశాను, అందుకే అందరి ముందూ చెప్తున్నాను," అన్నాడు ఆలోయిస్. తర్వాత మళ్ళీ తన గొంతులోకి వచ్చేశాడు. "పట్టుకో. చెయ్యి లాగుతోంది. నువ్వే రాయించావు, నువ్వే కాదంటావా?"

"మీ తర్వాత తాగితే బోర్లించేది నేనవుతాను సార్జెంటు గారూ. అది పెద్దవాళ్ళ హక్కు."

"నీ వంతు వచ్చి ఎన్నేళ్ళయిందో తెలుసా? ఇంత పాత బాకీ ఈ హాల్లో ఇంకెవరికీ లేదు. తాగు."

మిల్టన్ ఆమె చేతిలోంచి కాఫీ కూజా మెల్లగా తీసుకున్నాడు. ఈసారి అతను లాక్కున్నందుకు ఎవరూ బాధపడలేదు. రోజలీ గిన్నె ఎత్తింది. ఇత్తడి చల్లగా, బరువుగా ఉంది. తాగింది. ద్రాక్షసారా, రమ్ము, మాడిన చక్కెర, అడుగున ఎక్కడో కొత్త నూలు వాసన. చేదుగా లేదు. తియ్యగా ఉంది, నాలుక మీద అతుక్కునేంత తియ్యగా ఉంది. అడుగు కనిపించేదాకా తాగింది. హాలు వైపు తిరిగి, గిన్నెను నెత్తిమీద బోర్లించుకుంది.

అందరూ ఆమె జుట్టు వైపే చూశారు. ఒక్క బొట్టు కూడా రాల్లేదు.

బయట మంచులోంచి టెస్ గొంతు వినిపించింది, పేల్చమని. ఫిరంగి పేలింది. కిటికీ అద్దాలన్నీ గలగలలాడాయి, గూళ్ళలో కుక్కిన కోట్లు జారి కింద పడ్డాయి, లోపలివాళ్ళ అరుపుల్లో ఆ చప్పుడు కూడా మునిగిపోయింది.

టెస్ మందుగుండు వాసనతో లోపలికి పరుగెత్తుకొచ్చింది. తల్లి నెత్తిమీద ఇంకా గిన్నె ఉంది.

"చేదన్నావు కదమ్మా," అంది.

"తెలీక చెప్పానే," అంది రోజలీ. కూతుర్ని పట్టుకుని గిన్నె ఎగిరిపడేంతగా నవ్వింది.

ఆ సాయంత్రం అందరికీ కాఫీ మిల్టన్ పోశాడు. ఎవరి కప్పు వాళ్ళకి.